తాళం వేసిన కట్టడం నిలవదు



మెదక్ చర్చికి 2024 డిసెంబరు 25తో నూరేళ్లు నిండాయి. ఆ సందర్భంగా వచ్చిన రాతల్లో ఎక్కువభాగం దాని 175 అడుగుల శిఖరం చుట్టూ, అయిదువేల మంది పట్టే విశాలత చుట్టూ, చార్మినార్ కంటే ఎత్తా తక్కువా అన్న పాత ముచ్చట చుట్టూ తిరిగాయి. ఎత్తు మీద మనకున్న మోజు అలాంటిది. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మన పల్లె జిల్లాల్లో దొరల గడీలు, తహసీలు కచేరీలు, ముసాఫిర్ బంగళాలు ఒక్కొక్కటిగా మొండిగోడలవుతుంటే ఈ చర్చి ఎందుకు చెక్కుచెదరలేదు? రాయి గట్టిదని, గీసినవారు ఇంగ్లండు వాస్తుశిల్పులని చెప్పి సరిపెట్టుకోవచ్చు. కానీ పాత గడీల గోడలూ రాయీ డంగుసున్నమే, వాటినీ చేయి తిరిగిన మేస్త్రీలే కట్టారు. తేడా వాడకంలో ఉందని నా వాదన. పాత కట్టడాన్ని కాపాడటమంటే చుట్టూ కంచె వేసి బోర్డు పెట్టడం కాదు, దానికి రోజూ ఒక పని ఉండేలా చూడటం.

చర్చి చరిత్రే ఇందుకు సాక్ష్యం. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టించిన నిర్మాణం పదేళ్లు సాగింది. కరువు కాలంలో చుట్టుపక్కల జనానికి తిండిగింజలు దక్కించిన పని అది. 1924లో ప్రతిష్ఠ జరిగినంత మాత్రాన పని ముగియలేదు. అందరూ మెచ్చుకునే రంగుటద్దాల కిటికీలు మూడూ ఆ తర్వాత చేరినవే: క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ ఘట్టం 1958లో. ఈ మధ్యలో నిజాం పాలన పోయింది, చర్చి దక్షిణ ఇండియా సంఘం చేతికి వచ్చింది, మెదక్ భారతదేశంలో కలిసింది. అయినా కట్టడం మీద శ్రద్ధ ఆగలేదు. కారణం మామూలుదే. ప్రతి ఆదివారం తలుపు తెరిచేచోట కప్పు కారితే ఆ నీళ్లు ఎవరి నెత్తినో పడతాయి, మరమ్మతు తప్పదు. గోడ నెర్రెలో రావి మొలిస్తే వేరు పారకముందే ఎవరో పీకేస్తారు. తాళం వేసినచోట ఆ మొక్క మాను అయ్యేదాకా చూసే కన్నే ఉండదు. పాత గోడను కూల్చేది వయసు కాదు, ఆ రావిచెట్టూ ఆ కారే కప్పూ.

ప్రభుత్వ భవనాల సంగతి చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 2016 అక్టోబరులో తెలంగాణలోని పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడయ్యాయి. దాంతో ఊరి బయట సమీకృత కలెక్టరేట్లు లేచాయి. ఒకే కప్పు కింద అన్ని కార్యాలయాలూ ఉండటం ప్రజలకు మేలే, దాన్ని తప్పుపట్టను. అయితే ఊరి నడిమధ్య ఖాళీ అయిన పాత కచేరీలకు తర్వాత ఏ పని అప్పగించాలో ఎవరూ ముందుగా ఆలోచించలేదు. కొన్నేళ్లు తాళం, ఆ తర్వాత శిథిలమైందని ఒక నివేదిక, ఆపైన కూల్చివేత! వరంగల్‌లో 1886 నాటి కేంద్ర కారాగారాన్ని 2021లో ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఆసుపత్రి వద్దనేవారెవరూ ఉండరు. పాత భాగాన్ని కొంతైనా ఆ ఆసుపత్రిలోనే కలుపుకోవచ్చా అన్న చర్చ జరగవలసినంత జరగలేదన్నదే నా ఫిర్యాదు.

గడీల విషయంలో వచ్చే అభ్యంతరం బరువైనది. వెట్టిచాకిరీ చేయించిన దొరల ఇళ్లను ప్రజాధనంతో ఎందుకు నిలబెట్టాలి అంటారు. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు తీసిన తూటాల వెనుక విసునూరు దేశ్‌ముఖ్ గడీ ఉంది. ఆ కోపం న్యాయమైనది. కానీ గడీ కూలితే దొర పేరుతో పాటు, అతణ్ణి ఎదిరించినవారు ఎంతటి గోడలను ఎదిరించారో చూపించే ఆధారమూ పోతుంది. గడీని దొర స్మారకంగా మార్చమని కాదు నేనంటున్నది. దాని ముందు చెప్పులు విడిచి నడిచినవారి మనుమలూ మనుమరాళ్లూ అందులో కూర్చుని చదువుకునేలా చేయమంటున్నాను. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అది ఒక కుటుంబపు ఆస్తి, పైగా లోపలి గుడిలో పూజలు ఆగని చోటు. సొంత ఆస్తిని బాగుచేసుకుంటూ దాన్ని ఊరికి కూడా అందుబాటులోకి తేవచ్చని అక్కడ రుజువైంది.

వాడకమే కట్టడాన్ని చెడగొడుతుందనే మాటలో నిజం లేకపోలేదు. సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడే పుచ్చిపోతుంది. ఆయిల్ పెయింటు వేస్తే అదే కథ. అందుకే షరతులతో కూడిన వాడకం కావాలి. రక్షిత కట్టడంగా ప్రకటిస్తే చాలదా అంటారు కొందరు. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపై రెండువందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. కోటకు అది సరే, ఊరి నడుమ ఉన్న పాత కచేరీకో గడీకో ఆ నియమం పెడితే పక్కింటివాళ్లే దానికి శత్రువులవుతారు. అంత పెద్ద చట్టం అక్కరలేని చోట చిన్న ఒప్పందం చాలు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అద్దె గదుల్లో నడిచే శాఖా గ్రంథాలయాలను ఖాళీ కచేరీల్లోకి మార్చవచ్చు. మహిళా సంఘాలకు, అంగన్‌వాడీలకు ఇవ్వవచ్చు. వానలకు ముందు కప్పు చూడటం, సున్నపు పనికి సిమెంటు వాడకపోవడం, కొలతల పటమూ ఫొటోలూ జిల్లా కేంద్రంలో దాచకుండా ఏ గోడా కూల్చకపోవడం అన్న మూడు షరతులు ఒప్పందంలో రాస్తే సరిపోతుంది. కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో డంగుసున్నం పని చేసిన మేస్త్రీలు మన దగ్గరే ఉన్నారు. వారి చేత ఏడాదికి కొందరు పల్లె మేస్త్రీలకైనా ఆ పని నేర్పించే బాధ్యత పురావస్తు శాఖ తీసుకోవాలి. అంతకంటే ముందు, ఖాళీ ప్రభుత్వ భవనాల తాళంచెవులు ఏ శాఖ దగ్గర ఉన్నాయో ప్రతి కలెక్టరూ ఒక జాబితా రాయించి, వచ్చే వానాకాలం లోపు జనానికి చూపించాలి.

— ఒక పాఠకుడు, మెదక్