బచ్చాకి లంగోటీ మార్చే జాగా ఎక్కడ?

పోయిన చలికాలం మా పెద్దమ్మాయినీ, తొమ్మిది నెలల నా నవాసీనీ వెంటబెట్టుకొని ఆర్టీసీ బస్సులో ఒక వలీమాకి బయల్దేరాను. మా బేగంకి మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. దామాద్ డ్యూటీ నుంచి నేరుగా షాదీఖానాకే వస్తానన్నాడు. అందుకని సామాను మోసే పని, పిల్లని ఎత్తుకునే పని నాకే పడింది.

దారిలో ఒక పెద్ద బస్టాండులో బస్సు పదిహేను నిమిషాలు ఆగింది. ఊరి పేరు చెప్పను, ఏ ఊరైనా హాల్ ఇదే. అప్పటికే పిల్ల ప్యాంపర్ నిండి, పక్కల నుంచి కారి, నా కుర్తా కూడా తడిసింది. (మన ఇళ్ళలో ఏ కంపెనీదైనా ప్యాంపరే కదా, నేనూ అలాగే రాస్తాను.) అమ్మాయి పిల్లని తీసుకొని ఆడవాళ్ళ మరుగుదొడ్డిలోకి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. "అబ్బా, లోపల కింద అంతా నీళ్ళే. పిల్లని పడుకోబెట్టే జాగా లేదు. బ్యాగు తగిలించడానికి ఒక మేకు కూడా లేదు" అంది. పాలిచ్చే తల్లుల గది అని బోర్డు ఉంది గానీ దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన టీకి వెళ్ళాడట.

ఇక చేసేదేముంది? సిమెంటు బెంచీ మీద నా తువ్వాలు పరిచి పిల్లని పడుకోబెట్టాం. నేను చాదర్ రెండు చేతులతో పట్టుకొని పర్దాలాగా అడ్డం నిలబడ్డాను. పక్క బెంచీలో పులిహోర పొట్లం విప్పుకున్న పెద్దాయన లేచి "మనుషులు తినే చోట ఇదేం పనమ్మా" అన్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయన జాగాలో ఉంటే నేనూ అదే మాట అనేవాణ్ణి. ఆ మాటకొస్తే ఇదివరకు ఒకటి రెండుసార్లు అన్నాను కూడా, ఎవరి ఆడబిడ్డనో. ఇప్పుడు నా బిడ్డ తల వంచుకొని, చేతులు వణుకుతూ, ప్యాంపర్ పట్టీ అంటుకోక మళ్ళీ మళ్ళీ లాగుతుంటే ఆ మాట ఎంత బరువో తెలిసింది. నఖాబ్ లోపల ఏడుస్తోందని కళ్ళు చూస్తేనే అర్థమైంది. అటు బస్సు హారన్ కొడుతోంది. పాత ప్యాంపర్ వేయడానికి మూత ఉన్న డబ్బా ఒక్కటీ కనిపించలేదు. పాలిథిన్ కవర్లో చుట్టి నా సంచిలోనే పెట్టుకున్నాను, పెళ్ళివాళ్ళకి తీసుకెళ్తున్న మిఠాయి డబ్బా పక్కన.

షాదీఖానాలోనైనా మనవాళ్ళ మధ్య తక్లీఫ్ ఉండదనుకున్నాను. హాలు బ్రహ్మాండంగా ఉంది. స్టేజీకి పూలు, గేటుకి లైట్లు. జనానా వైపు మాత్రం పసిపిల్లని పడుకోబెట్టడానికి ఒక బల్ల లేదు. దుల్హన్ గదిలో మేకప్ సామాను, నగల పెట్టెలు ఉన్నాయని ఎవర్నీ రానివ్వడం లేదు. అమ్మాయి హాల్లో ఒక మూల దుపట్టా పరిస్తే ఒక పెద్దామె "ఏ క్యా మా, ఖానా ఖాతే సో జాగా మే!" అని గట్టిగా అందట. నలుగురూ తిరిగి చూశారట. మా పిల్ల షర్మిందా అయి లేచేసింది. ఆ తర్వాత మార్చలేదు, నాకు చెప్పనూ లేదు. అక్కడి నుంచి ఇల్లు చేరేదాకా ఏడు గంటలు అదే ప్యాంపర్.

మర్నాడు పిల్లకి తొడల సందుల్లో చర్మం ఎర్రగా కాలినట్టు అయిపోయింది. నీళ్ళు తగిలితే చాలు, కేకలు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే "ఇంతసేపు ఎలా ఉంచారమ్మా? దొడ్డికి వెళ్తే వెంటనే మార్చాలి, మామూలుగానైనా మూడు నాలుగు గంటలకి మించి ఉంచకూడదు" అని తల్లినే కోప్పడ్డాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ మాట మా అందరికీ తగలాల్సింది. ఆమెకి ఒక్కదానికే తగిలింది.

నెల తర్వాత మా సాలీ వాళ్ళింట్లో అఖీఖా దావత్ వచ్చింది. అమ్మాయి రానంది. "పిల్ల నడిచేదాకా నన్ను ఎక్కడికీ పిలవొద్దు అబ్బా" అంది. చదువుకున్న పిల్ల, నలుగురిలో కలిసే పిల్ల. ఒక చెక్కబల్ల లేని కారణంగా ఖాందాన్‌కే దూరమై కూర్చుంది. నేను ఇది రాయడానికి అసలు వజహ్ ఆ మాటే.

మా అమ్మీ కాలంలో పాత నూలు చీరలు, లుంగీలు చింపి పోతడాలు కుట్టేవారు. డజన్లకొద్దీ ఉండేవి. వానాకాలంలో ఆరకపోతే కుంపటి మీద గంప బోర్లించి దాని మీద పరిచేవారు. ఇల్లంతా అదో రకం వాసన, దాని మీద సాంబ్రాణి పొగ. ఆ రోజులు బంగారమని నేను అనను. ఉతికి ఉతికి మా అమ్మీ వేళ్ళు ఒరుసుకుపోయేవి. కానీ ఒక సంగతుంది. పోతడా తడిస్తే అందరికీ కనిపించేది. ఒళ్ళో ఉన్న ఖాలానో, ఫుప్పూనో అక్కడికక్కడే మార్చేసేది. ఎవరూ ఛీ అనేవారు కాదు. ప్యాంపర్ వచ్చాక తడి లోపలే దాగిపోయింది. పైకి పిల్ల పొడిగా, అత్తరు పూసినట్టు ఉంటుంది కాబట్టి ఎవరికీ ఫికర్ లేదు. మార్చే అవసరం పోలేదు, కాసేపు వాయిదా పడిందంతే. ఆ వాయిదా ఎంత పొడవు సాగితే మనకంత సుఖం, బచ్చాకంత మంట.

ఇక మగవాళ్ళ సంగతి. ముందు నా గురించే చెప్తాను. నాకు నలుగురు పిల్లలు. అల్లాహ్ సాక్షిగా ఒక్కరికీ ఒక్కసారి కూడా పోతడా మార్చలేదు. అడిగితే "నమాజ్ కపడే నాపాక్ అవుతాయి" అనేవాణ్ణి. మన ఇళ్ళలో చాలామంది అబ్బాలకి ఇదే ఢాల్. మా పేష్ ఇమాం సాబ్‌ని ఈ మధ్య సూటిగా అడిగాను. మన హనఫీ మస్లక్‌లో పసిపిల్లల మూత్రం బట్టకి తగిలితే తగిలిన మేర కడిగేస్తే పాక్ అవుతుంది, నజాసత్ చేతికి అంటినంత మాత్రాన వజూ పోదు, చేయి కడుక్కుంటే చాలు అన్నారు. అంతే మసలా. పాతికేళ్ళు నేను దాని వెనక దాక్కున్నాను.

హదీసుల్లో చూడండి. ప్రవక్త (స) ఒళ్ళో ఒక పసివాడు మూత్రం పోస్తే ఆయన కోప్పడలేదు, తల్లిని షర్మిందా చేయలేదు, నీళ్ళు తెప్పించి బట్ట మీద పోసుకున్నారు. తన నవాసీ ఉమామాని ఎత్తుకొనే నమాజ్ చేశారు. సజ్దాకి వెళ్ళేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. వెనక ఎవరి పిల్లో ఏడుస్తుంటే తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజ్‌ని కుదించేవారు. ఆ రోజుల్లో ప్యాంపర్లు కూడా లేవు, గుర్తుంచుకోండి. ఈ హదీసులు మనం బయాన్లలో వింటాం, సుభానల్లాహ్ అంటాం. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ ఏడ్చే పిల్ల తల్లి వైపు కొరకొరా చూస్తాం.

ఇది మన ఒక్కరి తక్లీఫ్ కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. మంచి పని. ఆస్పత్రికనీ, మైకా అనీ, ఉర్స్ అనీ తల్లులు పిల్లల్ని ఎత్తుకొని బస్సెక్కుతున్నారు. టికెట్ మాఫ్ అయింది సరే, బస్టాండులో పొడిగా ఒక మూరెడు బల్ల ఏది? విమానాశ్రయాల్లో, పెద్ద మాల్స్‌లో ఆ ఇంతెజాం ఉంది. గోడకి మడిచే పలక, పక్కనే నీళ్ళు, మూత డబ్బా. ఉన్నవాళ్ళ పిల్లలూ లేనివాళ్ళ పిల్లలూ తడిపేది ఒకేలా గదా! బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు, పిల్లల సంరక్షణ గదులు ఉండాలన్న పిటిషన్ మీద 2025లో సుప్రీం కోర్టు కూడా రాష్ట్రాలకి ఈ సంగతి గుర్తు చేసింది. గది కట్టి తాళం వేస్తే కోర్టు మాత్రం ఏం చేస్తుంది?

అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు ఫోన్లో ఒక మాట చెప్పాడు. అక్కడ మగవాళ్ళ బాత్రూముల్లోనూ పిల్లల పలక ఉంటుందట. నేను నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే. ప్రజలు వచ్చిపోయే ఫెడరల్ ప్రభుత్వ భవనాల్లో ఆడ, మగ రెండు వైపులా అది ఉండాలని 2016లో ఒబామా సంతకంతో చట్టమే అయింది. మన దగ్గర ఆడవాళ్ళ గదికే దిక్కు లేదు, మగవాళ్ళ వైపు అంటే నవ్వుతారు. కానీ ఒకసారి ఆస్పత్రిలో చూశాను. కాన్పు వార్డులో భార్య, బయట ఏడాదిన్నర పెద్దపిల్లతో మొగుడు. పిల్ల బట్టలు పాడు చేసుకుంది. ఆడవాళ్ళ వైపు వెళ్తే ఆయా తిట్టింది, మగవాళ్ళ వైపు కింద కాలు పెట్టే వీలు లేదు. ఆఖరికి మెట్ల మీద కూర్చొని మార్చాడు. ఆయన చేయనన్నాడా? చేసే జాగా మనం ఇవ్వలేదు.

అవతలి వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది, దాచను. మన వాళ్ళు వాడిన ప్యాంపర్లు ఎక్కడ పడేస్తున్నారో నాకు తెలుసు. బస్సు సీటు కింద, మస్జిద్ వెనక గోడ పక్కన, నాలీలో, ఈద్‌గాహ్ మైదానంలో చెట్టు మొదట్లో. అది నీళ్ళు పీల్చుకొని ఉబ్బి నాలీని బంద్ చేస్తుంది, కుక్కలు వీధంతా లాగుతాయి. చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయాలని 2016 నాటి చెత్త నిబంధనల్లోనే ఉండేది. "పాకీ సగం ఈమాన్" అని గోడల మీద రాయించుకున్న మనం ఇది ఒకరితో చెప్పించుకోవాలా? బిడ్డతో బయల్దేరేటప్పుడు రెండు కవర్లు, ఒక ప్లాస్టిక్ షీటు, సీసాలో నీళ్ళు సంచిలో పెట్టుకోవాలి. నేను ఇప్పుడు పెట్టుకుంటున్నాను. కానీ జాగా చూపించకుండా "గలీజు చేశారు" అని తల్లిని మాత్రం తిట్టకండి.

సర్కారుని అడగడానికి ముందు మన చేతిలో ఉన్నవి మనం చేసుకోవద్దా? షాదీఖానాలు మనవి. మస్జిద్ కమిటీలు మనవి. అందుకే మా ఊరి షాదీఖానా కమిటీ మీటింగుకి వెళ్ళి సంగతి ఎత్తాను. కావాల్సినవి నాలుగే: కబ్జాలతో గోడకి మడిచే చెక్క పలక, పైన ఒక కొక్కెం, పక్కన కుళాయి, మూత డబ్బా. కార్పెంటర్ చెప్పిన ఖర్చు ఒక డేగ్ బిర్యానీ ధర కూడా లేదు. సదర్ సాబ్ మంచివాడు, జనానా వైపు వెంటనే ఒప్పుకున్నాడు. మర్దానా వైపు కూడా అంటే మాత్రం అందరూ నవ్వారు. "మగవాళ్ళెవరు మారుస్తారు మియా?" అన్నాడొకాయన. "నేను మారుస్తాను" అన్నాను. నవ్వు ఆగింది గానీ పలక మంజూరు కాలేదు. ఆఖరికి చేతులు కడిగే చోటు పక్కన ఒక పాత టేబుల్ వేయడానికి రాజీ అయ్యారు.

మొన్న ఆదివారం అక్కడ ఒక నిఖా జరిగింది. అమ్మాయిని బతిమాలి తీసుకెళ్ళాను. జనానా వైపు పలక దగ్గర ముగ్గురు తల్లులు వరుసలో నిలబడి ఉన్నారని నవ్వుతూ చెప్పింది. మర్దానా వైపు టేబుల్ మీద ఎవరో నీళ్ళ సీసాల కేసులు పేర్చారు. నేనే దించి, తుడిచి, షీటు పరిచాను. కాసేపటికి దామాద్ పిల్లని చేతులు చాపి దూరంగా పట్టుకొని వచ్చాడు. చుట్టూ చూసి మెల్లగా "మామూ, ఇందులో ముందేది, వెనకేది?" అన్నాడు. పట్టీలు వెనక నుంచి ముందుకి రావాలని చూపించాను. మూడోసారికి అంటుకుంది.