కుర్చీలు రెండు, మనిషి ఒక్కడు

సంపాదకుల వారికి,

విమానాల ఆలస్యాల మీద గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివి, కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల కొరత యూనియన్ల గోల తప్ప మరేమీ కాదట. అంతా కంప్యూటర్లే చూసుకుంటున్నాయి కాబట్టి రద్దీ లేని వేళల్లో ఇద్దరి పని ఒకరికి అప్పగిస్తే కొంపలేమీ మునగవట. మీ వ్యాసకర్త అంత తేలిగ్గా తేల్చేశారు.

ఆ చివరి మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. నేను రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది పట్టాల మీద పని, వాళ్లది ఆకాశంలో పని. అయినా బోర్డు ముందు కూర్చున్నవాడు చేయాల్సింది రెండుచోట్లా ఒకటే. ఏది ఎక్కడుందో బుర్రలో పెట్టుకోవాలి, పది నిమిషాల తర్వాత ఎక్కడ ఉండబోతోందో ఇప్పుడే చూడాలి.

ఒక రాత్రి పక్క బోర్డు చూసే ఆయన జ్వరంతో సిక్ రిపోర్టు చేశాడు. రిలీఫ్ దొరకలేదు. పైనుంచి ఫోను వచ్చింది, రాత్రే కదా, రెండు బోర్డులూ నువ్వే చూసుకో అని. ముందు రెండు చార్టులు, చెవిలో రెండు సెక్షన్ల స్టేషన్ మాస్టర్లు. ఎక్స్‌ప్రెస్ దాటిన టైము ఒకాయన చెబుతుంటే చార్టు మీద పెన్సిల్‌తో గీత గీస్తున్నాను. అదే క్షణంలో రెండో లైనులో ఇంకో మాస్టరు, గూడ్సు పెట్టె ఇరుసు దగ్గర పొగ వస్తోందని అరుస్తున్నాడు. ఆయన మూడోసారి అరిచాక గానీ నాకు వినపడలేదు. ఆ పెద్దమనిషి నాకోసం చూడకుండా ముందు స్టేషనుకు తనే చెప్పి బండి ఆపించాడు కాబట్టి సరిపోయింది. గూడ్సు మెయిన్ లైనులో నిలిచిపోయింది, వెనకాల ఎక్స్‌ప్రెస్ ఆగింది.

వారం తిరక్కుండా ఆ ఆలస్యానికి నాకు ఛార్జిషీటు వచ్చింది. ఆ రాత్రి రెండు బోర్డులు నా మీదే ఉన్నాయని జవాబు రాశాను. అలాంటి ఉత్తర్వు ఏదీ రికార్డులో లేదన్నారు. నిజమే, ఉత్తర్వు నోటిమాట. ఛార్జిషీటు మాత్రం కాగితం మీద, సంతకంతో సహా. ఇంక్రిమెంటు ఆపేశారు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. రెండు బోర్డులు కలపమన్న మనిషి పేరు ఆ ఫైలులో ఎక్కడా రాలేదు. ఇన్నేళ్లయినా అది నాకు మింగుడు పడదు.

మీ వ్యాసకర్తకు 2002 జూలై 1 రాత్రి గుర్తు చేయాలి. జర్మనీలోని ఉబర్లింగెన్ మీద రష్యా ప్రయాణికుల విమానం, డీహెచ్ఎల్ సరుకు విమానం ఆకాశంలో గుద్దుకుని 71 మంది చనిపోయారు. చాలామంది సెలవులకు స్పెయిన్ వెళ్తున్న ఊఫా నగరం పిల్లలు. ఆ విమానాలను చూస్తున్నది జ్యూరిక్ కేంద్రంలో ఒకే ఒక్క కంట్రోలరు. రెండోవాడు విశ్రాంతికి వెళ్లాడు. రాత్రిపూట అలా చేయడం యాజమాన్యానికి ఏళ్ల తరబడి తెలిసిన అలవాటే. ఉన్న ఒక్కడూ రెండు తెరల మధ్య, ఆలస్యంగా వచ్చి దిగుతున్న ఇంకో విమానం పనిలో ఉన్నాడు. మరమ్మతుల కోసం ఫోన్ లైను తీసేశారు. ముంచుకొస్తున్న ప్రమాదాన్ని తమ తెరల మీద చూసిన జర్మనీలోని కార్ల్స్‌రూ కంట్రోలర్లు ఎంత ప్రయత్నించినా ఫోను కలవలేదు. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న ఒక తండ్రి 2004లో ఆ కంట్రోలరును ఇంటికి వెళ్లి పొడిచి చంపాడు. పై అధికారుల్లో నలుగురిని కోర్టు దోషులుగా తేల్చింది 2007లో. రద్దీ లేని రాత్రే అది కూడా.

అమెరికాలో 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో విమానం, సైనిక హెలికాప్టరు ఢీకొని 67 మంది పోయారు. అప్పుడు కూడా విమానాల పని, హెలికాప్టర్ల పని కలిపి ఒక్కరే చూస్తున్నారు. పైలట్ల సంగతి, హెలికాప్టరు ఎత్తు సంగతి వేరు, వాటిని నేను కాదనను. కానీ పని కలపడమన్నది ఎవరో తీసుకున్న నిర్ణయం. దాన్ని ప్రమాదం జరగకముందే తప్పు అనాలి.

కంప్యూటర్లంటారా? 2025 నవంబరులో ఢిల్లీలో మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ పడిపోయినప్పుడు ఫ్లైట్ ప్లాన్లను చేత్తో నడిపింది ఎవరు? ఆ కంట్రోలర్లే కదా. వందల విమానాలు ఆలస్యమయ్యాయి, నిజమే. ఆలస్యమయ్యాయి, అంతే. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం కంట్రోలర్ల కొరత గురించీ అలసట గురించీ హెచ్చరించింది. పార్లమెంటు సంఘం కూడా యూనియనేనా?

మనుషుల్ని రాత్రికి రాత్రి తెచ్చి కూర్చోబెట్టలేరు. ఫిజిక్సు, లెక్కలతో బీఎస్సీనో, ఇంజనీరింగో చేసి, పరీక్ష నెగ్గి, ప్రయాగ్‌రాజ్ లాంటి చోట శిక్షణ అయ్యాక, పోస్టింగు ఇచ్చిన చోట మళ్లీ సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకుని రేటింగు తెచ్చుకోవాలి. ఆ రేటింగు అక్కడికే. బదిలీ అయితే మళ్లీ నేర్చుకోవాల్సిందే. దేశంలో విమానాశ్రయాలు 2014లో 74 ఉంటే ఇప్పుడు 160 దాటాయి. టెర్మినల్ కట్టినంత వేగంగా కంట్రోలరు తయారు కాడు.

ఇక్కడ మీ జిల్లా ఎడిషన్ గురించి కూడా చెప్పాలి. భోగాపురం కొత్త విమానాశ్రయం మీద ఎన్ని పేజీలు వేశారో! ఎగిరే చేప ఆకారంలో టెర్మినల్, 3,800 మీటర్ల రన్‌వే, చుట్టుపక్కల గజం ధర ఎంత, ఏ వెంచరు ఎవరిది. గజం ధరలు వేసినన్నిసార్లు కాకపోయినా, ఆ టవర్‌లో కూర్చునేవాళ్ల గురించి ఒక్కసారైనా రాశారా? విశాఖలో ఇన్నాళ్లూ విమానాలను దింపిందీ లేపిందీ నేవీ కంట్రోలర్లు. భోగాపురానికి మనుషులు కొత్తగా రావాలి. వాళ్లెక్కడి నుంచి వస్తారు, వాళ్లు వదిలి వచ్చిన చోట ఎవరు కూర్చుంటారు?

విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఎంపీయే. మీ విలేకరులకు ఆయన దొరకని మనిషి కాదు. భోగాపురానికి, శంషాబాద్‌కు, గన్నవరానికి మంజూరైన కంట్రోలర్ల పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, అర్ధరాత్రి షిఫ్టులో ఎన్ని స్థానాలు కలిపి ఒకరికి ఇస్తున్నారు, ఆ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది, ఆయన్ని అడగండి. వచ్చిన జవాబును, మొన్న ఆ వ్యాసం వేసినంత స్థలంలోనే వేయండి.

ఇట్లు,
విశ్రాంత సెక్షన్ కంట్రోలరు,
విజయనగరం