కాగడా పట్టినోడిదే దారి!

మైదానంలో మన తాతలకు కాగడా కొత్త కాదు. దొరగారి బండి రాత్రిపూట ఊరు దాటాలంటే, ముందు మన పల్లె నుంచి వెట్టివాడు కాగడా పట్టుకుని పరిగెత్తాలి. ముల్లు గుచ్చుకునేది అతని కాలికే. పాము కరిచేది అతన్నే. దారి మాత్రం బండిలో కూచున్నవాడిది!

ఆ కాగడా ఇప్పుడు టార్చిలైటు అవుతోంది. పడమటి కనుమల్లో ఆగుంబె, అంబోలి దగ్గర వానాకాలం రాత్రుల్లో పట్నం జనాన్ని అడవిలో నడిపించి కప్పల్నీ పాముల్నీ చూపిస్తున్నారు. 'నైట్ వాక్' అని దానికి పేరు. సముద్రాల అవతల కోస్టారికాలో మాంటెవెర్దె అనే కొండ అడవిలో ఇది పెద్ద వ్యాపారం. అరకు రైలుకు అద్దాల పెట్టె 2017లోనే తగిలించారు. పగటిని అమ్మినవాళ్ళు రాత్రిని అమ్మకుండా ఊరుకుంటారా? అనంతగిరి, అరకు కొండల్లో ఈ బేరం వేళ్ళూనకముందే మనం మాట్లాడుకోవాలి.

రాత్రి అడవి అందమైనదే. అలుగు చీమల పుట్టను తవ్వేది రాత్రే. ఏదుపంది బయటికొచ్చేదీ, పునుగుపిల్లి పండ్లచెట్టు ఎక్కేదీ, ఎగిరే ఉడుత ఒక మాను మీంచి ఇంకో మానుకు జారేదీ రాత్రే. చూడాలనుకోవడం తప్పు కాదు. కానీ ఇవి ఎక్కడ తిరుగుతాయో ఎవరికి తెలుసు? పంట కాపలాకి మంచె మీద రాత్రంతా మేలుకున్న కోందు, బగత, కొండదొర, పోర్జ, గదబ మనిషికి తెలుసు.

అదే మనిషి అదే టార్చిలైటుతో, తేనె కోసమో తప్పిపోయిన ఆవు కోసమో, రిజర్వు అడవిలో కనబడితే ఏమంటారు? వేటగాడంటారు. కలప దొంగ అంటారు. 1967 నాటి అటవీ చట్టం చూపించి బెదిరిస్తారు. టికెట్టు కొనుక్కున్న పట్నం బాబు అక్కడే నిలబడితే ప్రకృతి ప్రేమికుడు! ఒకే అడవి, ఒకే రాత్రి, రెండు పేర్లు. మన ఊళ్ళో బావి దగ్గర జరిగిందీ ఇదే కదా!

ఆ చీకట్లోనే ఇంకో నడక కూడా ఉంది. రోడ్డు లేని గూడెం నుంచి నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే నడక. దానికి టికెట్టు లేదు, గైడు లేడు, దీపం పట్టే సర్కారు లేదు.

బొర్రా గుహల సంగతి చూడండి. 1807లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని రాస్తారు. ఆ శాఖ పుట్టిందే 1851లో! ఆవును వెతుక్కుంటూ ముందే అక్కడికి పోయిన కాపరి కథ ఆ గూడేల్లో చెప్పుకుంటారు. కాపరి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. రేపు అలుగు బొరియ చూపించినవాడికీ పేరుండదు. ధింసాను విందు భోజనం పక్కన ఆడించినట్టే, అతని కంటినీ చెవినీ రాత్రికింత అని కొంటారు.

'ఉపాధి వస్తుంది కదా' అని కొందరు మిత్రులంటారు. వస్తే మంచిదే. మేము నడకకు వ్యతిరేకం కాదు, వెట్టికి వ్యతిరేకం. కూలి వేరు, హక్కు వేరు. 1996 పెసా చట్టం ఏజెన్సీలో గ్రామసభకు తన వనరుల్ని కాపాడుకునే అధికారం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవినీ వన్యప్రాణినీ కాపాడే హక్కు గ్రామసభకిచ్చింది. అడవి జీవాల గురించి తరతరాలుగా వచ్చిన తెలివిడి మీద కూడా ఊరికి సామూహిక హక్కు ఉందంది. అనంతగిరి మండలం గనుల మీద నడిచిన సమత కేసులో, 1997 జులై 11న, మన దళితుల్లోంచి సుప్రీంకోర్టుకు ఎదిగిన జస్టిస్ కె. రామస్వామి తీర్పు రాశారు. ఏజెన్సీలో సర్కారు భూమిని కూడా గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వడం చెల్లదన్నారు. గని లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్ళకు, బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు పెట్టాలన్నారు. గనికి చెప్పిన న్యాయం టూరిజానికి ఎందుకు చెప్పకూడదు?

టూరిజం పేరు చెప్పి భూమికే ఎసరు పెట్టాలని చూశారు. 2025 మొదట్లో, టూరిజం కోసం 1/70ని సవరించాలన్న మాట శాసనసభ స్పీకర్ నోటే వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ అయింది. చట్టం మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పుకోవాల్సి వచ్చింది. మన్యం కదిలితేనే ఆ మాట వచ్చిందని మరవొద్దు.

కాబట్టి మా మాట ఇది:

1. గ్రామసభ తీర్మానం లేకుండా ఏ నడకా వద్దు. ఏ దారి, ఏ రోజులు, ఎంతమంది — ఊరే తేల్చాలి.

2. టికెట్టు డబ్బు ముందు గ్రామసభ ఖాతాలో పడాలి. గైడు ఆ ఊరి పిల్లాడో పిల్లో కావాలి. వాళ్ళకు బీమా ఉండాలి. దగ్గరి ఆసుపత్రిలో పాముకాటు మందు ఉండాలి.

3. జంతువుకూ రాత్రి మీద హక్కుంది. చిన్న గుంపు, మసక వెలుతురు చాలు. ఫ్లాష్, పాటలు, మందు వద్దు. అలుగు జాడ బయట చెప్పొద్దు. 2017 నుంచి దేశాల మధ్య దాని వ్యాపారం నిషేధమైనా, పొలుసుల కోసం చంపేవాళ్ళు ఆగలేదు.

4. టూరిజం పేరుతో గజం భూమి కూడా గిరిజనేతరుల చేతికి పోకూడదు, బినామీగానైనా సరే.

5. ముందు డోలీ దారికి రోడ్డు. తర్వాతే టూరిస్టు దారి.

కార్యకర్తలారా! ఈ చట్టాల్ని గూడేల్లో తెలుగులోనే కాదు, కువిలో, ఆదివాసీ ఒరియాలో చెప్పి వినిపించండి. చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్ళి మహద్ చెరువు నీళ్ళు తాగాకే ఆ తీర్మానం కాగితం దాటింది. అడవి హక్కు కూడా అంతే. నడిచి తీసుకోవాలి.

మన తాతలు కాగడా పట్టి వెనకవాడికి దారి చూపారు. ఇక కాగడా పట్టినోడే దారి ఎటో చెప్పాలి!

జై భీమ్!