ఇంకా అజ్ఞాతంలోనే పాండవులు!

విడవలూరు మండలం ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచి ఏటికి ఎదురు నడిస్తే వచ్చేది నెల్లూరు. పెన్న ఒడ్డున, రంగనాయకస్వామి గుడి దగ్గర కూర్చునే తిక్కన భారతం రాశాడని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఆయన మొదలుపెట్టిందే విరాటపర్వం... అంటే పాండవుల అజ్ఞాతవాసం. పేడిగా ఉన్న బృహన్నల కౌరవసేన మొత్తాన్నీ ఒంటిచేత్తో గెలిచే యుద్ధం అందులోదే.

ఏడొందల ఏళ్ల తర్వాత అదే కథను మరో నెల్లూరు మనిషి తెరకెక్కించాడు. ఆయన వై.వి.రావు. పూర్తిపేరు యరగుడిపాటి వరదరావు, 1903లో నెల్లూరులో పుట్టాడు. నటి లక్ష్మి తండ్రి అంటే వెంటనే గుర్తుపడతారు. 1930లో ఆయన రెండు మూకీలు తీశాడు: 'పాండవ నిర్వాణ', 'పాండవ అజ్ఞాతవాస'.

మాటల్లేని సినిమా కదా, ఉత్తరకుమారుడి ప్రగల్భాలన్నీ మూతి కదలికల్లోనే చూపించి ఉండాలి! జమ్మిచెట్టు మీది గాండీవం, కమ్ముకొచ్చే కురుసేన... వీటిని ఎలా తీశాడో చూద్దామంటే రీలు లేదు.

తిక్కన పద్యం బతికింది. తాటాకు చివికేలోపు ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదికి ఎక్కించేవారు. ఫిల్ముకు ఆ భాగ్యం లేదు. అప్పటి నైట్రేట్ ఫిల్ముకు నిప్పు తగిలితే భగ్గుమనేది, ఊరికే ఉంచినా పొడైపోయేది. 1931లో 'ఆలం ఆరా', మరుసటి ఏడాది 'భక్త ప్రహ్లాద' వచ్చి సినిమా మాట్లాడటం మొదలెట్టాక పాత మూకీలను అడిగేవారే లేరు. అందులోని వెండి కోసం కరిగించిన ప్రింట్లు ఎన్నో! దేశంలో తీసిన 1300 పైచిలుకు మూకీల్లో మిగిలినవి 30 కూడా లేవు. రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాష్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా పోయినవాటిలోనే ఉంది.

దక్షిణాదిన దక్కింది ఒక్కటే... 1933 నాటి మలయాళ చిత్రం 'మార్తాండవర్మ'. నవల హక్కుల కోసం ప్రచురణకర్త కోర్టుకెక్కాడు. ఆడిన కొద్దిరోజులకే ప్రింటు జప్తయింది. అలా ఆయన దగ్గరే ఉండిపోయి, 1974లో వెలుగుచూసి పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరింది.

పాండవుల మీద మాత్రం ఎవరూ దావా వేసినట్టు లేదు!