అద్దపు తొట్టిలో తొమ్మిది చేపలు

నేడు మన పట్టణములలో కొంచెము కలిగిన గృహస్థుని యింట అడుగిడినచో, సావడిలో నొక మూల అద్దపు తొట్టియు, అందు దీపపు వెలుగున తిరుగాడు రంగుచేపలును కానవచ్చుచున్నవి. చూచుటకు వేడుకగనే యుండును. ఆ వేడుకపై మాకు ద్వేషము లేదు. కాని తొట్టిలో నెంత నీరు పట్టును, ఆ నీరు మార్చి యెన్ని దినములైనది యని యడిగినచో చదువుకొన్నవారు సయితము తెల్లమొగము వేయుదురు. చేపలెన్నియన్న ప్రశ్నకు మాత్రము తడుముకొనక బదులు చెప్పుదురు. తొమ్మిది. ఎనిమిది బంగారు చేపలు, ఒకటి నల్లది. ఏల తొమ్మిది యనగా, వాస్తు అందురు. మా తగవు ఈ తొమ్మిదితోడనే.

గడచిన వేసవిలో మిత్రులొకరు క్రొత్త యిల్లు కట్టి, గృహప్రవేశమునాడు ఈశాన్య మూలను ఇట్టి తొట్టి నొకదానిని పెట్టిరి. పొడవు 18 అంగుళములు, వెడల్పు 10, ఎత్తు 12. అంచులవఱకు నింపినను 35 లీటర్లు. అడుగున ఇసుకయు పైన కొంత వెలితియు పోగా 25 లీటర్లు మిగిలిన గొప్ప. అందు తొమ్మిది చేపలు. నాలుగవ నాడొకటి చచ్చినది. పది దినములలో ఆఱు చచ్చినవి. చచ్చినప్పుడెల్ల ఆ యింటి మామ్మగారు "ఇంటికి రావలసిన కీడు అది మోసికొనిపోయినది" అని చేతులు జోడించుటయు, సాయంకాలమునకు క్రొత్త చేప వచ్చుటయు జరుగుచుండెను. ఏడవది చచ్చిననాడు ఎనిమిదేండ్ల మనుమడు మా యొద్దకు వచ్చి, "మాష్టారూ, మా యింటికింత కీడు ఎందుకు వచ్చుచున్నది?" అని యడిగెను.

ఆనాడు మేము బదులు చెప్పలేదు. కారణము తెలియక కాదు, పెద్దామె మాట కాదనుటకు మొగమాటపడితిమి. బాలుడు ఆ రాత్రి నిద్రపోలేదని మఱునాడు తెలిసినది. ఆ మొగమాటమునకు ప్రాయశ్చిత్తముగా ఇది వ్రాయుచున్నాము.

ఆ యింటికి ఏ కీడును రాలేదు. వచ్చినది అమోనియా. చేప తన మొప్పలనుండి నిరంతరము అమోనియాను విడుచుచుండును. దాని మలమును, తినక మిగిలిన మేతయు క్రుళ్లి అదియే యగును. నదిలో నది కొట్టుకొనిపోవును. తొట్టిలో నెక్కడికి పోవును? మొప్పలను కాల్చును. దానిని హరించుటకు ప్రకృతి యొక యుపాయము చేసినది. నైట్రోసోమోనాస్ మొదలగు సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగను, నైట్రోస్పైరా మొదలగునవి నైట్రైటును నైట్రేటుగను మార్చును. ఈ జీవుల పనిని రష్యా దేశపు వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతమున నిరూపించెను. నడిమి పదార్థమైన నైట్రైటును విషమే. అది నెత్తుటిని గోధుమవన్నెకు త్రిప్పి, ప్రాణవాయువును మోయు శక్తిని చెఱచును. చివరిదగు నైట్రేటు అంత క్రూరము కాదు గాని, అదియు పేరుకొనును. నీరు మార్చి తీయవలసినదే.

గృహిణులకు వేఱు దృష్టాంత మక్కఱలేదు. తోడు వేయక పాలు పెరుగగునా? క్రొత్త తొట్టి తోడు లేని పాలవంటిది. పెరుగు ఒక్క రాత్రిలో తోడుకొనును. ఈ తోడు పట్టుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. పాత తొట్టిలోని ఫిల్టరు స్పంజి ముక్కను తెచ్చి వేసినచో త్వరపడును. మన మిత్రులు ఉదయము తొట్టి కొని, మధ్యాహ్నము నీరు పోసి, సాయంకాలము తొమ్మిది చేపలను విడిచిరి. శాస్త్రము తెలిసినవాడు చేపలను చూడకయే వాని ఆయువు లెక్కకట్టి యుండును.

దీనికి మన యెండలు తోడైనవి. 20 డిగ్రీల వెచ్చదనమున లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 30 డిగ్రీలకు అది 7.5 మాత్రమే. నీరు వేడెక్కినకొలది అమోనియా విషమును హెచ్చును. తెల్లవాఱుజామున చేపలు పైకి వచ్చి నోరు తెఱచుచుండగా, "మనలను పలుకరించుచున్నవి" అని ముచ్చటపడువారిని మేమెఱుగుదుము. అవి ఊపిరికై పెనగులాడుచున్నవి. కైకలూరు, ఆకివీడు ప్రాంతపు చేపల రైతు తన చెఱువులో ఈ దృశ్యము చూచినచో ముచ్చటపడడు. పరుగున పోయి నీటిని చిలుకు యంత్రము వేయును. ఎకరమునకెన్ని పిల్లలు వేయవలెనో, అమోనియా యెంతవఱకు పోనీయవచ్చునో అతడు లెక్క చూచుకొనును. పట్టపుచ్చుకొని గోడకు తగిలించుకొన్న మనము సంఖ్యకై వాస్తు పండితుని యడుగుచున్నాము.

ఈ వాస్తు మాట యెక్కడిది? అద్దపు తొట్టిలో చేపలను నిలువయుంచు విద్య మొన్నటిది. లండనులో వారింగ్టన్ అను రసాయనవేత్త రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కలను, క్రుళ్లిన యాకులు తినుటకు నత్తలను ఒక్కచో నుంచి, అవి పరస్పరము పోషించుకొను తీరును 1850లో అచటి రసాయన సంఘమునకు తెలిపెను. లండను జంతుశాలలో జనులు చూచుటకు చేపల యిల్లు తెఱచినది 1853లో. అట్టి తొట్టికి మన ఋషులు మూలయు, సంఖ్యయు, రంగును నిర్ణయించిరనుట పొగబండికి మనువు టిక్కెట్టు ధర నిర్ణయించెననుట వంటిది. ఎనిమిదియు నొకటియు నను లెక్క చీనా దేశపు ఫెంగ్‌షూయి వేషము మార్చి మన దుకాణములకు వచ్చినది. ఆ చీనావారైనను బంగారు చేపలను వెనుకటి దినములలో కొలనులలోను, వెడల్పగు మట్టితొట్లలోను పెంచిరే గాని, ఇట్టి పెట్టెలో కుక్కలేదు.

పురాణమే కావలెనన్నచో శతపథ బ్రాహ్మణములోని మనువు కథయు, భాగవతములోని సత్యవ్రతుని కథయు ఉండనే యున్నవి. చేతికి చిక్కిన చిన్న చేప రాజుగారి కలశములో నొక్కరాత్రికే పట్టక, ఇందు నాకు సుఖము లేదు, విశాలమైన చోటు చూపుమని యడిగినది. ఆయన పాత్ర మార్చెను, మడుగునకు చేర్చెను, తుదకు సముద్రమున విడిచెను. ఏ పాత్రలో నుంచిన ఆ పాత్రకు సరిపడ చేప పెరుగునను అబద్ధము రంగుచేపల దుకాణములలో నేటికిని చెప్పుచున్నారు. బంగారు చేప చక్కగా చూచుకొన్నచో జానెడు మించి పెరుగును. పదేండ్లకు పైగా బ్రదుకును. చిన్న తొట్టిలో పెరుగక నిలిచినది గిడసబాఱిన ప్రాణియే గాని, తొట్టికి తగ్గ ప్రాణి కాదు.

అంగుళము చేపకు గ్యాలను నీరన్న సూత్ర మొకటి ప్రచారములో నున్నది. మా ఐదవ తరగతి బాలుడు సయితము దీని తప్పు పట్టగలడు. పొడవు రెండింతలైన చేప బరువు రెండింతలు గాదు, ఎనిమిదింతలు. అంగుళపు చేపలు పదియు, పదియంగుళముల చేప యొకటియు సమానమనువాడు పుచ్చకాయను పది ఉసిరికాయలతో తూచువాడు. అనుభవజ్ఞులు బంగారు చేప ఒకదానికి 75 లీటర్లును, ఆపై నొక్కొక్కదానికి 40 లీటర్లును సామాన్యముగా చెప్పుదురు. ఆ చొప్పున తొమ్మిదింటికి ఇంచుమించు 400 లీటర్లు. మన మిత్రులు వానిని 25 లీటర్లలో నుంచిరి! ఇటలీలో మోన్జా నగరము 2004లోను, రోము 2005లోను గుండ్రని గాజుబుడ్లలో బంగారు చేపల నుంచుటను నిషేధించినవి.

ఇది విని మిత్రులొకరు, "పంతులుగారు తరగతిలో బాలుర సంఖ్య తగ్గింపలేక, తొట్టిలో చేపల సంఖ్య తగ్గింప బయలుదేరినారు" అని పరిహసించిరి. మా తరగతిలో అఱువదిమంది గలరు, పరిహాసము తగిలినది. మఱియొకరు, చేపలను పులుసు పెట్టుకొని తిను దేశములో ఇంత గొడవ యేల యనిరి. వలవాని చేతిలో చేప బాధ గడియలలో ముగియును. మన సావడిలో నది వారములతరబడి సాగును, అదియు మన మంగళమునకని పేరు పెట్టుకొని. తినువాడు చేపను చేప యనియే యనుచున్నాడు.

మేమును నిర్దోషులము కాము. పదునైదేండ్ల క్రిందట మా యింటను నాలుగు చేపలుండెను. ఒక యాదివారము శుచి పేరిట నీరంతయు పాఱబోసి, ఇసుకను వేడినీట కడిగి, స్పంజిని కొళాయి క్రింద పిండి, పురపాలక సంఘమువారి క్రొత్త నీరు నింపితిమి. తోడును పోగొట్టితిమి, క్లోరినును పోసితిమి. సోమవారము సాయంకాలమునకు నాలుగును తేలినవి. నీటిని నాలుగవ వంతు మాత్రము వారమునకొకసారి మార్చవలెననియు, స్పంజిని తొట్టిలోనుండి తీసిన నీటిలోనే కడుగవలెననియు, కొళాయినీటికి హైపో పలుకులు వేసి క్లోరినును విఱువవలెననియు మేము తెలిసికొన్నది ఆ నాలుగింటి వెలకు. మేత రెండు నిమిషములలో తిన్నంత చాలునని తెలిసినదియు ఆ పిమ్మటనే.

మొన్న మిత్రుల యింటికి మరల పోయితిమి. మిగిలిన రెండు చేపలిప్పుడు పెరటి సిమెంటు తొట్టిలో, 300 లీటర్ల నీటిలో, తామరాకుల నీడను తిరుగుచున్నవి. వంటింటి గోడనున్న క్యాలెండరుపై, తిథివారముల ప్రక్కన, బాలుడు పెన్సిలుతో ప్రతి యాదివారము "అమోనియా 0" అని వ్రాయుచున్నాడు. పరీక్షించు మందుసీసాను మామ్మగారే భద్రపఱచుచున్నారు. ఈశాన్య మూల ఖాళీగా నున్నదని వాస్తు పండితునికి మాత్రము ఇంకను కోపముగనే యున్నదట.