నడిమి నెలలు

ఈ విశ్వావసు ఉగాది సంచిక మీ చేతికి అందేసరికి డాలస్‌లో మా వీధి చివరింట్లో ఒక చంటిపిల్లకు ఎనిమిదో నెల నడుస్తూ ఉంటుంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆ పిల్ల పుట్టిన రోజు ఫొటోలూ, అంతకుముందు సీమంతం ఫొటోలూ మన తెలుగు సంఘంలో చాలామంది చూశారు. నేను రాయబోయేది ఆ ఫొటోల్లో లేని రోజుల గురించి. వేవిళ్ళు తగ్గి, అన్నం సయించడం మొదలైన నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా ఆ ఇంట్లో ఇద్దరే ఇద్దరు గడిపిన రోజులవి. వాళ్ళను అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు.

మూడు నెలలు నిండేదాకా మనవాళ్ళు ఎవరికీ చెప్పరు. చెప్పిన వారం రోజులు ఫోన్లే ఫోన్లు. ఆ తర్వాత అందరూ కుదుటపడి ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. ఇక అమ్మ ఎప్పుడు రావాలన్న లెక్క మొదలవుతుంది. విజిటర్ వీసా మీద దిగినవాళ్ళను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఐదో నెలలో వస్తే పురుడు పోసి, పిల్లకు మెడ నిలవకముందే వెనక్కి వెళ్ళిపోవాలి. అందుకే ఇక్కడ ఏ ఇంట్లో చూసినా వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఎనిమిదో నెలకే టికెట్ కొంటారు. ఈ లెక్కలో నడిమి నెలలు ఎవరి వంతుకూ రావు. ఊళ్ళో అయితే తల్లి, అత్త, వదిన, పక్కింటి పిన్ని తలా ఒక చెయ్యి వేసే పని ఇక్కడ ఒక్క మొగుడి నెత్తిన పడుతుంది. అతనికి ఆ పని ఎవరూ నేర్పలేదు.

నా మొదటి కాన్పు 1997లో, ఈ ఊళ్ళోనే. మావారు నన్ను ఆసుపత్రి గుమ్మం దగ్గర దింపి ఆఫీసుకు వెళ్ళిపోయేవారు. స్కాన్ గదిలోకి ఆయన కూడా రావచ్చని ఆయనకు తెలియదు, రమ్మనాలని నాకు తోచలేదు. ఫోన్ కార్డు మీద నిమిషాలు లెక్కపెట్టుకుంటూ అమ్మతో మాట్లాడేదాన్ని. కడుపులో ఏదో చేపపిల్ల తిరిగినట్టుందని చెప్పబోతుంటే కార్డు అయిపోయింది. ఇది మావారి మీద నేరం మోపడానికి చెప్పడం లేదు. మా నాన్నకు మాత్రం ఏం తెలుసు? అమ్మ ఏడో నెలలోనే పుట్టింటికి వెళ్ళింది. ఆయనకు ఒక కార్డుముక్క చేరింది: ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. నేను ఎప్పుడు కదిలానో, అమ్మకు ఏ రాత్రి పిక్క పట్టేసిందో ఆయన ఎన్నడూ ఎరగడు. ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు. పెళ్ళయ్యాక ఆలుమగలు కలిసి గడపాల్సిన కాలంలో అంత ముఖ్యమైన భాగం మన మగవాళ్ళకు తరతరాలుగా తెలియకుండానే జరిగిపోయింది.

మా వీధి చివరింటి అబ్బాయికి అలా జరగలేదు. పరాయి దేశం మన దగ్గర చాలా తీసుకుంది గానీ ఇది మాత్రం ఇచ్చింది.

2024 మార్చి ఆఖరి వారంలో, ఇరవయ్యో వారం స్కాన్‌కు ఇద్దరూ వెళ్ళారు. దాదాపు ముప్పావుగంట పట్టింది. గుండెలో నాలుగు గదులు, వెన్నుపూసలు, మూత్రపిండాలు, పై పెదవి ఒక్కొక్కటే తెర మీదికి తెచ్చి కొలిచారు. మాయ ముందువైపు అతుక్కుని ఉందనీ, అందువల్ల బిడ్డ కదలిక కాస్త ఆలస్యంగా తెలుస్తుందనీ చెప్పారు. ఆ మాట వినేదాకా ఆ అమ్మాయి రాత్రిళ్ళు నిద్రపోలేదు. తోటివాళ్ళకు పద్దెనిమిదో వారంలోనే తెలిసిన కదలిక తనకెందుకు తెలియడం లేదని లోలోపల కుమిలిపోయింది. అమ్మకు చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు. ఆ భయం తెలిసిన మనిషి భూమ్మీద అతనొక్కడే.

ఆ గదిలోనే, పాపో బాబో చెప్పమంటారా అని అడిగితే ఇద్దరూ బిక్కముఖాలు వేశారట. పుట్టి పెరిగిన ఊళ్ళో ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు చూస్తూ వచ్చినవాళ్ళు. 1994 నాటి చట్టం అది. ఆడపిల్లను కడుపులోనే లేకుండా చేసే పాపాన్ని ఆపడానికి వచ్చిన చట్టం. ఇక్కడ అది మామూలు ప్రశ్న. వీళ్ళు చెప్పవద్దనలేక, చెప్పమనలేక ఒక కవరులో పెట్టి ఇమ్మన్నారు. ఆ కవరును పాస్‌పోర్టులుండే సొరుగులో పెట్టి, కాన్పు దాకా విప్పలేదు. ఊరి నుంచి నాయనమ్మ నాలుగుసార్లు అడిగింది. "మాకూ తెలియదు నాయనమ్మా" అని నాలుగుసార్లూ అతనే చెప్పాడు, ఆ మాట భార్య మీద పడనివ్వకుండా. ఈ మధ్య మనవాళ్ళు కూడా కేకు కోసి, రంగు పొగ వదిలి ఆడో మగో చాటే వేడుక మొదలుపెట్టారు. సంతోషంగా చేసుకునేవాళ్ళను నేను కాదనను. అయితే అలాంటి ఒక వేడుకలో గులాబీ రంగు పొగ లేచినప్పుడు ఒక పెద్దావిడ ముఖం మాడిపోవడం నేను చూశాను. ఆ ముఖాన్ని ఆ తల్లి కూడా చూసింది. చట్టం ఇక్కడ లేదు కనుక ఆ కాపలా మనమే కాయాలి.

ఆ స్కాన్ అయిన రెండు వారాలకు, ఏప్రిల్ 8న, డాలస్ మీద సంపూర్ణ సూర్యగ్రహణం. ఈ ఊరికి అంతకుముందు అలాంటిది వచ్చింది 1878లో, మళ్ళీ వచ్చేది 2317లో. పొద్దుటి నుంచి మబ్బులు కమ్ముకుని అందరి ప్రాణాలూ ఉసూరుమనిపించి, సమయానికి విడిపోయాయి. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు మా వీధంతా కాగితపు కళ్ళజోళ్ళు పెట్టుకుని రోడ్డు మీదే ఉంది. నేనూ ఉన్నాను. చీకటి పడింది, వీధి దీపాలు వెలిగాయి, పిల్లలు కేకలు పెట్టారు. ఆ హడావిడిలో తల తిప్పి చూస్తే చివరింటి కిటికీలన్నీ మూసి, తెరలు దింపి ఉన్నాయి.

లోపల ఆ ఇద్దరూ మంచం మీద కదలకుండా కూర్చుని ఉన్నారు. మధ్యలో వీడియో కాల్‌లో తెనాలి నుంచి ఆ అమ్మాయి వాళ్ళమ్మ. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఈ గ్రహణం మన దేశంలో కనిపించదు, కనిపించని చోట పట్టింపు లేదు కనుక ఆవిడ హాయిగా నిద్రపోవచ్చు. పోలేదు. "మీకు కనిపిస్తుందిగా తల్లీ, కత్తీ కత్తెరా ముట్టుకోకు, ఎటూ తిరగకు" అని వారం ముందు నుంచీ చెబుతోంది. పెదవి చీలి పుట్టడానికి మన భాషలో పేరే గ్రహణం మొర్రి. మాటలోనే అంత భయం పెట్టుకున్న జాతికి, గ్రహణానికీ దానికీ సంబంధం లేదని ఒక్క రోజులో నచ్చజెప్పలేం.

ఆ అబ్బాయికి అసలు సంగతి తెలుసు. కడుపులో బిడ్డకు పెదవి కలిసేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల, తల్లికి నెల తప్పిందని నమ్మకం కుదిరీ కుదరని రోజుల్లో. ఐదో నెలలో వచ్చిన గ్రహణం చెయ్యగలిగిందేమీ లేదు. పైగా రెండు వారాల క్రితం ఆ పెదవి చక్కగా కలిసి ఉండటం కళ్ళారా చూశాడు. ఆ మాటే భార్యతో అన్నాడు. "నాకూ తెలుసు. కానీ నేను బయటికి వెళ్తే అమ్మ కాన్పు అయ్యేదాకా నిద్రపోదు" అందామె. అతను ఇంకేం మాట్లాడలేదు. ఆ రోజు కోసం రెండు నెలల ముందే తెప్పించుకున్న కళ్ళజోడు వంటింటి గట్టు మీద అలాగే ఉంది. నువ్వెళ్ళి చూసిరా అని ఆమె రెండుసార్లు అంది. అతను వెళ్ళలేదు. బయట మా కేకలు లోపలికి వినిపించాయట. జీవితంలో ఒక్కసారి దొరికే ఆ మూడు నిమిషాల పైచిలుకు చీకట్లో అతను ఆమె చెయ్యి పట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు క్రోధి ఉగాది. పచ్చడి గిన్నె పట్టుకుని వెళ్ళినప్పుడు ఆ కళ్ళజోడు చూసి అడిగితే ఇదంతా చెప్పాడు. నమ్మకం తప్పా ఒప్పా అన్న వాదన నాకు ఆ పూట చాలా చిన్నదిగా అనిపించింది.

అప్పటికే ఆమెకు కదలిక తెలుస్తోంది. బయటికి మాత్రం అందడం లేదు. "ఇప్పుడు, ఇప్పుడు" అని ఆమె అనడం, అతను అరచెయ్యి ఆనించడం, లోపల సద్దు మణగడం. ఆరో నెలకు బిడ్డకు చప్పుళ్ళు అందుతాయని డాక్టరమ్మ చెబితే రోజూ రాత్రి ఏదో ఒకటి వినిపించాలనుకున్నాడు. ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నాడని విని పెరిగిన మనకు ఇది కొత్త కాదు. పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులు తల్లి గొంతును గుర్తుపట్టి దానికే మొగ్గుతారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు నిరూపించారు కూడా. తల్లి గొంతు ఒంట్లోంచే చేరుతుంది, తండ్రి గొంతు అంతగా అందదు. అతను ఆపలేదు. పాటలు రావు, పద్యాలు మరిచిపోయాడు. నోటికి వచ్చింది ఎక్కాలు. రోజుకో ఎక్కం. ఏప్రిల్ 19 రాత్రి ఏడో ఎక్కంలో, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది దగ్గర, అతని అరచేతికి లోపలి నుంచి టక్కున ఒక తాపు తగిలింది. అతను అక్కడే ఆగిపోయాడట. "తర్వాత చెప్పు" అందట ఆమె. గొంతు పెగల్లేదట.

ఆ నెలాఖరున షుగరు పరీక్ష. 24 నుంచి 28 వారాల మధ్య అందరికీ చేసేదే: యాభై గ్రాముల గ్లూకోజు కలిపిన తీపి నీళ్ళు తాగించి గంట తర్వాత రక్తం తీస్తారు. అందులో అంకె ఎక్కువొస్తే పరగడుపున వచ్చి వంద గ్రాములు తాగి మూడు గంటలు కూర్చోవాలి. రెండోదీ తప్పింది. మన దక్షిణాసియా ఆడవాళ్ళకు గర్భంతో వచ్చే షుగరు ముప్పు ఎక్కువని వైద్యులు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. మనమే అమ్మాయిల చెవిన వెయ్యడం లేదు. ఆమె ఏడ్చింది, తానేదో తప్పు చేసినట్టు. అతను ఒక నోటుపుస్తకం కొన్నాడు. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చాలి: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు ఉండాలి. ఇడ్లీకి ఎంత వచ్చింది, పెసరట్టుకు ఎంత, అన్నం అరకప్పు అయితే ఎంత, తిన్నాక ఇద్దరూ వీధి చుట్టి వస్తే ఎంత తగ్గింది, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. నాకు చూపించాడు. పేజీల అంచున పసుపు మరకలు.

అలా ఉండగా ఏడో నెలలో సీమంతం. మనవాళ్ళమే చేశాం. చలిమిడి, గాజులు, పసుపు, పాట, ఏదీ తక్కువ కాలేదు. పీట మీద కూర్చున్న అమ్మాయి నోట్లో వరసగా మిఠాయి పెట్టాం. వద్దంటుంటే "ఇద్దరి కోసం తినాలమ్మా" అన్నాం. నా చేత్తో నేనే సున్నుండ పెట్టాను. అతను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు, ఏమీ అనలేకపోయాడు. ఆ సాయంత్రం అంకె 190. నోటుపుస్తకంలో దాని పక్కన "సీమంతం" అని రాసి ఉంది. ఆ పేజీ చూశాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. మేమెవరం ఆ నాలుగు నెలల్లో ఒక్కసారైనా ఎలా ఉన్నావని కూర్చోబెట్టి అడగలేదు. అడిగి ఉంటే ఆ ఉండ పెట్టేదాన్నా?

ఈ సంవత్సరం నుంచి మన సంఘం తరఫున ఒక పని మొదలుపెడుతున్నాం. కడుపుతో ఉన్న అమ్మాయి ఇంటికి, నాలుగో నెల నుంచే, వారానికి ఒక ఇల్లు చొప్పున వంట. ఏం తినవచ్చో వాళ్ళనే అడిగి వండాలి. మగవాళ్ళకు విడిగా ఒక మాట. ఇక్కడి 1993 నాటి కుటుంబ సెలవు చట్టం కింద, యాభై మందికి తక్కువ కాని సంస్థలో ఏడాది నిండి, 1,250 గంటలు పనిచేసినవాళ్ళకు పన్నెండు వారాల సెలవు ఉంది. జీతం రాదు, ఉద్యోగం పోదు. అది తండ్రికీ వర్తిస్తుంది. కాన్పు తర్వాతే కాదు, భార్యకు ముందస్తు వైద్యంలో తోడు కావాల్సి వస్తే అందులోంచే వాడుకోవచ్చు. మేనేజరును అడగడానికి మొహమాటపడి స్కాన్‌కు వెళ్ళలేకపోయిన అబ్బాయిలు నాకు తెలుసు. మొహమాటపడకండి. తండ్రులైనవాళ్ళు కొత్తవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి మీకు తెలిసింది చెప్పండి. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే కాలి వేళ్ళు పైకి వంచి పట్టుకోవాలన్నది కూడా ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది.

ఆ జులైలో చివరింటి అమ్మాయి వాళ్ళమ్మ వచ్చింది. విమానాశ్రయానికి నేనూ వెళ్ళాను. తోపుడు బండి మీద నాలుగు పెట్టెలు. ఆవిడ వాటిని అలాగే వదిలేసి వచ్చి కూతురి పొట్ట మీద రెండు చేతులూ ఆనించింది. కాసేపటికి తలెత్తి, "ఇంతకీ మొదటిసారి ఎప్పుడు తెలిసిందే నీకు?" అని అడిగింది. కూతురు గుర్తుచేసుకుంటోంది. అల్లుడు పెట్టెలు సర్దుతూ, "తనకు ఏప్రిల్ మొదటి వారంలో అత్తయ్యా, సోమవారం పొద్దున మీటింగులో ఉండగా" అన్నాడు. "నాకు పంతొమ్మిదో తారీఖున, శుక్రవారం రాత్రి."