సీలేరులో అప్పు పుట్టదా?

సీలేటి నీటికి అప్పు పుట్టును. సీలేటి గట్టున నున్న మనిషికి పుట్టదు. ఈ వింతను గూర్చి పాఠకులు ఒక్కింత యోచింపవలెనని కోరుచున్నాము. ఈ నదిపై ఎగువ సీలేరు విద్యుత్కేంద్రము శక్తి 240 మెగావాట్లు, దిగువ సీలేరుది 460 మెగావాట్లు. ఇవి చాలవని నీటిని మరల పైకి తోడి 1350 మెగావాట్లు పుట్టించు పథకము తలపెట్టబడినది. ఇట్టి పనులకు తనఖా చాలక ధనము దొరకలేదని మేమెన్నడును వినలేదు. ఆ గట్టుననే కాఫీపండ్ల తొక్క తీయు యంత్రము కొనుటకో, అడ్డాకుల విస్తళ్లు అద్దు యంత్రము కొనుటకో లక్ష రూపాయలడుగు గిరిజన స్త్రీని మాత్రము పూచీ యేది, తనఖా యేది యని నిలదీయుదురు.

చిన్నవారికి మూలధనము సమకూర్చుటకే గదా అభివృద్ధి ఋణసంస్థలు వెలసినవి! వెనుకబడిన దేశములలో ప్రైవేటు వ్యాపారములను పోషించుటకు ప్రపంచ బ్యాంకు పక్షమున 1956లో ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషను పుట్టెను. మన దేశమున 1982లో నాబార్డు, 1990లో సిడ్బి, 2001లో షెడ్యూల్డు తెగల ఆర్థికాభివృద్ధి సంస్థ, 2015లో ముద్ర వచ్చినవి. ఇవి సామాన్యముగా చిన్నవాని చేతికి నేరుగా సొమ్మీయవు. బ్యాంకులకో మధ్యసంస్థలకో ఇచ్చును. వారు తమ లాభము కలుపుకొని ప్రజలకిత్తురు. కాలువ మొదటనున్న వారి పొలము తడియును. చివరి పొలము ఆకాశము వంక చూచుచుండును.

ఇందులకు కొందరు పెద్దమనుషులు చెప్పు సమాధానము వినుడు: "మన్యపు భూములను గిరిజనేతరులు కొనరాదు గనుక వానికి తనఖా విలువ లేదు, 1970 నాటి ఒకటవ నిబంధనమే వారి అభివృద్ధికి అడ్డు." చట్టమును చదువక నిందించుట మన వారికి పాత అలవాటు. గిరిజనుడు ఋణసంస్థలకు తన భూమిని తనఖా పెట్టుకొనుటకు 1971 సవరణ వీలు కల్పించియే యున్నది. బాకీ తీరనిచో ఆ భూమి గిరిజనుల చేతికే పోవలెననునది నియమము. మైదానపు షావుకారు చేతికి పోరాదనుటయే కదా వారి బాధ! అప్పు పేరిట కొండభూములు చేతులు మారుట చూచి తెల్లదొరతనమే 1917లో వడ్డీకిని భూమి బదలాయింపునకును హద్దులు పెట్టవలసి వచ్చెను. 2025 ఆరంభమున ఈ రక్షణను సడలింపవలెనను మాట పుట్టగనే మన్యమంతయు బందు పాటించినది. సవరణ లేదని ముఖ్యమంత్రి ప్రకటింపవలసి వచ్చినది. ఆ ప్రకటన నిలుచుగాక.

అసలు తనఖాయే ఏల? చిన్న పరిశ్రమలకు 10 లక్షల వరకు తనఖా అడుగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించినది. తనఖా లేని సేద్యపుటప్పు 2025 జనవరి నుండి 2 లక్షలైనది. ఆజ్ఞలు బొంబాయిలో పుట్టినవి. చింతపల్లి ఘాటు ఎక్కునప్పటికి వానికి ఆయాసము వచ్చుచున్నది కాబోలు.

కాఫీమొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. పిమ్మట ఏటికొక్క మారే పండు. అట్టి రైతును నెలనెలకు వాయిదా కట్టుమనుట వ్యవహారజ్ఞానమా? సంతకు వచ్చు షావుకారు ఇంతకన్న తెలివైనవాడు. అతడు పత్రము లడుగడు. కోతకు ముందే బయానా చేతిలో పెట్టి, పంటను తాను చెప్పిన ధరకు తోలుకొనిపోవును. ఋతువు నెరిగి అప్పిచ్చుట అతని బలము. ధరను బిగించుట అతని పాపము. మొదటిదానిని నేర్చి రెండవదానిని విడుచుటయే ఋణసంస్థల పని.

సొమ్ము వరదగా పారించినంత మాత్రమున మేలు కలుగునని మేమనము. పెద్ద సంస్థల ధనము సూక్ష్మఋణ కంపెనీల గుండా మన పల్లెలలో పారి, వారము వారము వసూళ్ల దౌర్జన్యముగా మారి, ఆత్మహత్యల వరకు పోగా 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చిన సంగతి తెలుగువారు మరచిరా? ఆ కంపెనీలకు ముడిధనమిచ్చిన వారిలో సిడ్బియు నొకటి.

కావున క్రొత్త దళారులు వలదు. గిరిజన సహకార సంస్థ 1956 నుండి విశాఖపట్టణమున నున్నది. చింతపండు, తేనె, చీపుళ్లు, కాఫీ కొనుచున్నది. దానికి లోపములు లేవని కాదు. తూకమునందు, చెల్లింపునందు జాగును గూర్చి గిరిజనులు మొరపెట్టుట కలదు. వానిని దిద్దవలసినదే. కాని సరకు కొనువాడే పూచీదారుడైనచో బాకీ సరకులోనే తీరును. 2018లో మొదలైన వన్‌ధన్ పథకమున 300 మంది సభ్యుల కేంద్రమునకు 15 లక్షలు ఇత్తురు. షెడ్డు, యంత్రము వచ్చును సరే. పండు రాలు వేళ సభ్యులకు అప్పటికప్పుడు చెల్లించు నగదు లేనిచో ఆ పండు షావుకారు గోనెలోనికే పోవును.

మా కోరిక యిది. నాబార్డు, తెగల ఆర్థిక సంస్థ కలసి సీలేరు, గూడెంకొత్తవీధి ప్రాంతపు సంఘములకు సరకుపైననే, భూమి ముట్టక, ఏడాది కొక్క వాయిదాపై నిధి నీయవలెను. కాఫీ కోత నవంబరున మొదలగును. సొమ్ము అక్టోబరునకే చేరవలెను.